వెలుతురుచే ద్రవరబ్బరు – కర్షకు డెఱుగవలసిన సంగతులు



పొట్లములకు తగిలించు రబ్బరు బ్యాండును కిటికీలో ఎండ తగులుచోట మఱచిపోయినచో ఏమగునో మనలో ననేకులు చూచియే యుందురు. కొన్ని మాసముల పిమ్మట దానిని తీయబోగా వ్రేళ్ల కంటుకొనును. లాగినచో సాగక తెగిపోవును. “ఎండకు చెడిపోయినది” అని పారవేయుదుము. అంతటితో మన విచారణ ముగియును. రసాయన శాస్త్రజ్ఞుల విచారణ అచ్చటనే ఆరంభమయినది. ఎండ దానిలో దేనిని చెఱచినది? ఆ చెఱుపును మన యిచ్చ వచ్చినచోట నిలుపగలమా? నిలుపగలిగినచో అట్లు మెత్తబడిన రబ్బరు దేనికైన నుపయోగించునా? ఈ మూడు ప్రశ్నలనుండి పుట్టినదే వెలుతురు సాయమున ద్రవరబ్బరును తయారుచేయు పద్ధతి.

తెలుగుదేశమున రబ్బరుతోటలు స్వల్పము. తూర్పు కనుమలలో మారేడుమిల్లి మన్యమున కొన్ని గలవు. మన దేశమున రబ్బరునకు పుట్టినిల్లనదగినది కేరళము. అచ్చట పెరియారు నది యొడ్డున తట్టేకాడువద్ద 1902లో వ్యాపారదృష్టితో సాగు మొదలయినది. నేడు అచ్చటి తోటలలో అత్యధికభాగము చిన్నరైతులదే. షీట్ల ధర పడిపోయినప్పుడెల్ల “ముడిసరకు నమ్ముట మాని సంఘమే ద్రవరబ్బరు నేల చేయరాదు?” అను ప్రశ్న రబ్బరు రైతులలో లేచుట సహజము. సంఘపు రిజర్వునిధి నిట్టి పనిలో పెట్టుటకు ముందు ఆ పని యేమో సభ్యు లందఱు నెఱుగవలయును. ఆ యుద్దేశముతోనే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

రబ్బరు స్వరూపము

మొట్టమొదట ఒక పొరపాటును తొలగింతము. చెట్టునుండి కారు పాలు ద్రవమే గదా, వేఱుగ ద్రవరబ్బరు చేయనేల యని కొందఱు తలంతురు. రబ్బరుపాలలో నూటికి 30 మొదలు 40 పాళ్లు రబ్బరు. తక్కినదానిలో నధికభాగము నీరు. రబ్బరు అందు మిక్కిలి సూక్ష్మమైన రేణువులుగా తేలుచుండును. నీటిని తీసివేసినచో మిగులునది గట్టి రబ్బరే. ద్రవరబ్బరు అట్టిది గాదు. దానిలో నీరు లేదు. రబ్బరే స్వయముగ తేనెవలె జాఱును.

గట్టి రబ్బరునకును ద్రవరబ్బరునకును భేద మెచ్చట నున్నది? రబ్బరులో నుండునవి కర్బనము, ఉదజని యను రెండే మూలపదార్థములని, అవి 5కు 8 చొప్పున నున్నవని 1826లో ఫారడే పండితుడు నిర్ణయించెను. 1860లో గ్రెవిల్ విలియమ్స్ రబ్బరును కాచి, దానినుండి ఐసోప్రీను అను తేలికద్రవమును వేఱుచేసెను. అట్టి ఐసోప్రీను కొక్కెములు వేలకొలది ఒకదాని కొకటి తగులుకొని పొడవైన గొలుసగుటయే రబ్బరు. ఇట్టి పెద్ద యణువులు నిజముగ గలవని 1920లో జర్మను శాస్త్రజ్ఞుడు స్టాడింజరు ప్రతిపాదించినప్పుడు పలువురు నమ్మలేదు. 1953లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

ఒక్కొక్క ఐసోప్రీను కొక్కెపు అణుభారము 68. చెట్టునుండి వచ్చిన రబ్బరు గొలుసు అణుభారము సుమారు పదిలక్ష లనుకొందము. పదిలక్షలను 68చే భాగించినచో, ఒక గొలుసునకు 14,700 కొక్కెములు వచ్చును. ఇంత పొడవైన గొలుసులు ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండుటచేతనే రబ్బరు సాగును. విడిచినచో మఱల ముడుచుకొనును.

వరిగడ్డి మోపును తలచుకొనుడు. పొడవైన గడ్డిని గంపలో పెట్టి వంచినచో అది జాఱి పడదు. ఒక పోచను లాగినచో పదిపోచలు వెంటవచ్చును. అదే గడ్డిని చొప్పకత్తితో చిన్నతునుకలుగా నఱికి గంపలో పోసి వంచుడు, జలజల రాలును. గడ్డి యదియే, పోచల నిడివియే మాఱినది. గట్టి రబ్బరు పొడవైన గడ్డివంటిది. ద్రవరబ్బరు నఱికిన చొప్పవంటిది.

నఱుకుట కెన్ని వేటులు వలయునో లెక్కింతము. అణుభారము 20,000కు దిగినచో రబ్బరు చిక్కని ద్రవమగును. పదిలక్షల గొలుసును ఇరువదివేల తునుకలుగ జేయ 50 తునుకలగును. దానికి 49 వేటులు చాలును. 14,700 కొక్కెములుగల గొలుసులో 49 చోట్ల, అనగా మున్నూఱింటికి ఒకచోట మాత్రము తెగినచో, గట్టిపదార్థము జాఱుపదార్థమగును. ఎండలోని రబ్బరు బ్యాండు ఇంత త్వరగ ఏల చెడునో ఇందువలననే తెలియుచున్నది. స్వల్పమైన తెంపు గొప్ప మార్పును కలిగించును.

గొలుసును త్రెంచు మార్గములు

ఈ గొలుసులను త్రెంచుట క్రొత్త పని గాదు. ఇంగ్లాండులో థామస్ హాంకాక్ 1820లో రబ్బరును పండ్లచక్రముల నడుమ నలుపు యంత్రమును నిర్మించెను. నలిగినకొలది రబ్బరు మెత్తబడెను. నేటి కర్మాగారములలోను రబ్బరును మొదట నలిపియే వాడుదురు. కాని నలుపుటవలన గొలుసులు కొంతవఱకే తెగును. ఒక హద్దు దాటిన పిమ్మట అవి పొట్టివై యంత్రమునకు చిక్కక జాఱిపోవును.

రెండవది వేడిమి. రబ్బరును 200 డిగ్రీలకు పైగా కాచినచో ద్రవమగును. ఈ మార్గము చౌకయే. కాని వేడిమి ఎచ్చట పడిన నచ్చట త్రెంచును, రంగు నల్లబడును, వాసన పుట్టును. మూడవది, ఫినైలు హైడ్రజీనను రసాయనమును పాలలోనే కలిపి గాలి యూదుట. పాలను గడ్డకట్టింప నక్కఱలేకుండుట దీని సౌలభ్యము. ఆ రసాయనము విషమగుట దీని కొఱత.

నాలుగవది వెలుతురు.

వెలుతురు చేయు పని

కంటికి గానవచ్చు రంగులలో ఊదారంగునకు ఆవల అతినీలలోహిత కిరణములు గలవు. కిరణపు అల యెంత పొట్టిదో దాని శక్తి యంత యెక్కువ. ఈ అలలను నానోమీటర్లతో కొలుతురు. ఒక మిల్లీమీటరులో పదిలక్షల నానోమీటర్లు గలవు. పాదరసపు ఆవిరిదీపము 254 నానోమీటర్ల కిరణము నీయగలదు. సూర్యకిరణములలో అంత పొట్టివి ఆకాశమందలి ఓజోను పొరయందే నిలిచిపోవును. సుమారు 290కి మించిన నిడివిగలవి మాత్రమే మన పొలములపై బడును. వానికిని ఈ పని చేయు సామర్థ్యము కలదు, కాని కాల మధికముగ పట్టును.

రబ్బరు గొలుసు తనంతట ఈ కిరణములను చక్కగ గ్రహింపదు. కిరణము నందుకొని గొలుసుపై ప్రయోగించు సహాయకు డొకడు కావలయును. హైడ్రొజన్ పెరాక్సైడు అట్టి సహాయకుడు. పుండ్లు కడుగుటకు వైద్యశాలలలో వాడు నురుగుమందు ఇదియే, కాని అది మిక్కిలి పలుచన చేసినది. దీని యణువులో రెండు ఆమ్లజని పరమాణువుల నడుమనున్న ముడి బలహీనమైనది. అతినీలలోహిత కిరణము తగులగనే ఆ ముడి విడి, అణువు సరిగ నడిమికి రెండయిపోవును. ఒక్కొక్క తునుకకు హైడ్రాక్సిలు అని పేరు. జోడు విడిన యెద్దువలె ఇది నిలుకడలేనిది. దగ్గఱనున్న గొలుసుపై బడి దానిని త్రెంచును. అంతియే గాదు, తెగిన కొనలకు తానే యంటుకొనును. కావున మిగిలిన పొట్టిగొలుసు రెండు కొనలయందును హైడ్రాక్సిలు టోపీలు పెట్టుకొన్నట్లుండును. ఈ టోపీలలోనే ఈ సరకు విలువ యంతయు నున్నదని ముందు చూడగలరు.

ఈ మార్గమును కేరళమునకు చెందిన రవీంద్రన్, గోపీనాథన్ నాయర్, జోసెఫ్ ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు పరిశోధించి 1986లో ప్రకటించిరి. పద్ధతి స్థూలముగ నిట్టిది. నలిపిన రబ్బరును టోలీను అను ద్రావకములో కఱగింతురు. పెరాక్సైడు నీటితో కూడినది గావున టోలీనుతో కలియక విడిపోవును. రెండింటిని కలుపుటకు మిథనాలువంటి మఱియొక ద్రావకమును చేర్తురు. ఈ మిశ్రమమును కలియబెట్టుచు దీపపు వెలుతురుననో సూర్యుని యెండలోనో యుంచుదురు. గొలుసులు తగినంత పొట్టివైన పిమ్మట మిథనాలు నధికముగ పోయుదురు. రబ్బరు అందు కఱగదు గావున అడుగునకు దిగును. దానిని తీసి, ద్రావకపు తడి యాఱువఱకు ఎండింతురు.

ఇందు రెండు మెలకువలు గలవు. సాధారణమైన గాజు అతినీలలోహిత కిరణములలో పొట్టివానిని ఆపివేయును. అట్టి దీపమునకు క్వార్ట్జుతో చేసిన పాత్ర కావలయును. రెండవది, వెలుతురు పాత్ర లోతునకు పోజాలదు. అంచుననున్న ద్రవమే తెగును. కావున నిరంతరము కలియబెట్టవలయును.

మలేషియా జాతీయ విశ్వవిద్యాలయమున ఇబ్రాహీం అబ్దుల్లా మొదలగువారు వేఱొక దారి త్రొక్కిరి. వారు మెథిలీన్ బ్లూ, రోజ్ బెంగాల్ అను రంగులను రబ్బరు ద్రావణములో కలిపి, కంటికి గానవచ్చు వెలుతురుననే పని జరిపించిరి. ఇచ్చట రంగు వెలుతురును గ్రహించి, ఆ శక్తిని గాలిలోని ఆమ్లజనికి అందించును. అట్లు చైతన్యము పొందిన ఆమ్లజని గొలుసులోని జంటముడులపై బడి పెరాక్సైడులను పుట్టించును. అవి విచ్ఛిన్నమగునప్పుడు గొలుసు తెగును. ఇంటిలోని రబ్బరు ఎండకు చెడుటయు ఇంచుమించు ఈ త్రోవనే జరుగును. లోపలనున్న మాలిన్యములు అచ్చట రంగు చేయు పనిని చేయును.

కొలతయే ప్రాణము

ఎండ రబ్బరును చెఱచుటకును, వెలుతురు ద్రవరబ్బరును చేయుటకును గల భేద మొక్కటియే: కొలత. పెరటిలోని యెండ త్రెంచుచునే పోవును; మఱియు తెగిన గొలుసులు కొన్ని అడ్డదిడ్డముగ నంటుకొని పైపొర గట్టిపడి పగుళ్లుబాఱును. కర్మాగారమున నట్లు గారాదు. గంట గంటకు ద్రావణమును కొంచెము తీసి, సన్నని గాజుగొట్టముగుండ జాఱవిడిచి, జాఱుటకు పట్టిన కాలమును గడియారముతో చూతురు. గొలుసులు పొట్టివైనకొలది ద్రావణము త్వరగ జాఱును. కావలసిన కొలతకు వచ్చినంతనే వెలుతురు నాపవలయును. బెల్లపు పాకమును చూచి దింపు నేర్పువంటిదే యిది. ముందు దింపినను చెడును, ఆలసించినను చెడును.

ద్రవరబ్బరు ప్రయోజనములు

మొదటిది: గట్టి రబ్బరును మెత్తపఱచుటకు కర్మాగారములలో నూనెలు కలుపుదురు. ఆ నూనె కాలక్రమమున పైకి చెమర్చును. ద్రవరబ్బరు కలిపినచో, గంధకముతో కాచునప్పుడు అదియు తక్కిన రబ్బరుతో ముడిపడి నిలిచిపోవును. గంధకముతో కాచి రబ్బరును దృఢపఱచు ఈ విద్యను అమెరికాలో గుడ్‌యియర్ 1839లో కనుగొనెను.

రెండవది: కొనలకున్న హైడ్రాక్సిలు టోపీలు. ఐసోసయనేటులను రసాయనములు ఈ టోపీలను పట్టుకొని గొలుసును గొలుసునకు తగిలించును. ఇట్లు ద్రవమును అచ్చులో పోసి, అచ్చటనే గట్టిపఱచవచ్చును. జిగురులకును, పూతలకును, పాలియురెథేను జాతి వస్తువులకును ఇది పనికివచ్చును. టోపీలేని పొట్టిగొలుసు, పట్టు దొరకని తాడువంటిది.

మూడవది: రబ్బరును ప్లాస్టిక్కును కలిపినచో నూనెయు నీరునువలె విడిపోజూచును. ద్రవరబ్బరును కొంచెము చేర్చినచో రెండును పొందికగ కలియును. మలేషియావారి కృషిలో గొప్పభాగము ఈ త్రోవనే సాగినది.

సంఘము పూనవచ్చునా?

ఇక అసలు ప్రశ్నకు వత్తము. పైని చెప్పినదంతయు విన్న సభ్యునకు “ఎండ మనకు ఉచితము, రబ్బరు మనది, ఇక నాలస్యమేల?” అని తోచవచ్చును. మేము తొందరపడవలదని మనవి చేయుచున్నాము. కారణములు మూడు.

మొదటిది ద్రావకపు లెక్క. రబ్బరును నూటికి 5 పాళ్ల చొప్పున కఱగించితి మనుకొందము. ఒక కిలో రబ్బరునకు 19 కిలోల టోలీను కావలయును. పని ముగిసిన పిమ్మట దానిని బట్టీపట్టి మఱల వాడుకొనవచ్చును. కాని ప్రతిసారియు నూటికి 5 పాళ్లు మాత్రమే ఆవిరియై పోయినను, 950 గ్రాములు నష్టము. అనగా కిలో రబ్బరు చేయుటకు దాదాపు కిలో టోలీను గాలిపాలగును. ఇది గాక మిథనాలు వ్యయము వేఱు. ఎండ ఉచితమైనను, ఎండలో నుంచు ద్రవము ఉచితము గాదు. ఇట్టి నష్టమును చిన్న కొట్టములో నాపుట దుర్లభము.

రెండవది అపాయము. టోలీను ఆవిరి మామూలు వేడిమియందే నిప్పంటుకొనును; పీల్చినవారికి తల తిరుగును. మిథనాలు కడుపులోనికి పోయినచో కన్నులు పోవును, ప్రాణము పోవును. గాఢమైన పెరాక్సైడు చర్మమును కాల్చును. అతినీలలోహిత దీపమును నేరుగ చూచిన కన్నులకు హాని. కావున ఏ సభ్యుడును ఈ పనిని ఇంటి చావడిలో పరీక్షింపబూనరాదని గట్టిగ హెచ్చరించుచున్నాము. శిక్షణ పొందిన రసాయనికుడు, మూసిన యంత్రములు, అగ్నిరక్షణ లేని చోట ఇది తగదు.

మూడవది విపణి. షీట్లను ఏ వర్తకుడైనను కొనును. ద్రవరబ్బరును కొనువారు కొలదిమంది. వారు ప్రతి డబ్బాలోను ఒకే అణుభారమును, ఒకే టోపీల లెక్కను కోరుదురు. రాతినూనెనుండి చేసిన కృత్రిమ ద్రవరబ్బరులు ఇదివఱకే వారి చేతికందుచున్నవి. ముందు కొనువానిని చూచుకొని, పిదప యంత్రమును కొనుట గృహస్థ ధర్మము. సంఘమునకు మఱింత ధర్మము. ఏలయన రిజర్వునిధి ఒకరి సొమ్ము గాదు.

అట్లని ఈ విద్య మనకు దూరమని చెప్పుట లేదు. ఒక్క గ్రామసంఘము చేయజాలని పనిని పది సంఘములు కూడిన యూనియను, పరిశోధనాలయపు సహాయముతో చేయవచ్చును. కొట్టాయములో కేంద్రస్థానము గల రబ్బరు బోర్డు 1947 నాటి చట్టమువలన నేర్పడినది. దాని పరిశోధనాలయమును, కొచ్చిన్ విశ్వవిద్యాలయమును సలహా కోరదగిన చోట్లు. మొదట సలహా, పిదప చిన్నమోతాదు పరీక్ష, దాని జమాఖర్చు సర్వసభ్య సమావేశమున చదువుట, ఆ పిమ్మటనే పెట్టుబడి. ఈ వరుస తప్పరాదు.

నేడే చేయదగినది

ఈ పాఠమునుండి ఒక్క పైకమైన పెట్టుబడి లేక, నేడే పొందదగిన లాభ మొకటి గలదు. మున్నూఱు కొక్కెములకు ఒక్క తెంపు చాలునని యెఱిగితిమి గదా. మన షీట్లకు ఆ తెంపు కలుగనీయకుండుటయే ఆ లాభము.

షీట్లను దినములకొలది తీక్ష్ణమైన యెండలో వ్రేలాడదీయరాదు. నీరు కారువఱకు నీడలో నుంచి, పొగకొట్టములో సుమారు 50 మొదలు 60 డిగ్రీల వేడిమియందు ఆఱనీయవలయును. ఎండలో త్వరగ ఆఱినట్లు కనబడిన షీటు లోలోపల తెగియుండును. రాగి, మాంగనీసు తగిలినచోట ఈ తెంపు మఱింత వేగముగ సాగును. కావున పాలు పట్టుటకును, గడ్డకట్టించుటకును రాగి, ఇత్తడి పాత్రలను వాడరాదు. ఆమ్లమును కొలతకు మించి పోయరాదు. రోలరునుండి వచ్చిన షీటును మంచినీటిలో కడుగవలయును. నిల్వచేయు గదిలో ఎండపొడ షీట్లపై పడకుండ చూడవలయును.

ఎండ రైతునకు మిత్రము. ధాన్యము నాఱబెట్టునది అదియే. కాని రబ్బరు విషయమున అది పదునైన కత్తి. నేర్పుగలవాని చేతిలో క్రొత్త సరకును చేయును. ఏమరినవాని పెరటిలో ఉన్న సరకును చెఱచును. క్రొత్త సరకు సంగతి యూనియనులు విచారించునుగాక. ఉన్న సరకును కాపాడుకొనుట ప్రతి సభ్యుని చేతిలోని పని.

సంఘ సమావేశములలో చర్చింపదగిన ప్రశ్నలు

1. రబ్బరుపాలకును ద్రవరబ్బరునకును భేదమేమి?

2. అణుభారము పదిలక్షలుగల గొలుసును 10,000 అణుభారముగల తునుకలుగ జేయుటకు ఎన్ని తెంపులు వలయును?

3. ద్రావకము నూటికి 2 పాళ్లు మాత్రమే నష్టమైనచో, కిలో రబ్బరునకు ఎన్ని గ్రాముల టోలీను పోవును?

4. మన సభ్యుల పొగకొట్టములలోను, నిల్వగదులలోను షీట్లపై ఎండ పడుచోట్లు ఎన్ని గలవు? వానిని మూయుటకు సంఘ మేమి సాయము చేయగలదు?

మొదటి మూడు ప్రశ్నలకు ఈ పాఠముననే సమాధానము దొరకును. నాలుగవదానికి సభ్యులు తమ కొట్టములకు పోయి చూడవలయును. దానినే ముందుగ చేపట్టుడని ప్రార్థించుచున్నాము.